కారణం లేకుండా లేచిపోయే పిల్ల

1982 జూలైలో నన్ను హన్మకొండలోని ఒక బాల్వాడీ నుంచి డిప్యుటేషన్ మీద పరిశోధన పనికి పంపారు. గడువు ఒక ఏడాది. హోదా పేరు క్షేత్ర సహాయకురాలు. నా పైన ఒక పరిశోధనాధికారి, ఆమె పైన హైదరాబాదులో ఒక ప్రొఫెసరు, ఆయన పైన నేను ఎన్నడూ చూడని విదేశీయులు ఉండేవారు. నా కింద ఎవరూ లేరు.

పని వివరం ఇది. మూడో తరగతి పిల్లల్లో ఎవరు కుదురుగా కూర్చుంటారు, ఎవరు తమ వంతు వచ్చేదాకా ఆగుతారు, ఎవరు చెప్పిన సంగతి మనసులో పెట్టుకుని పని చివరిదాకా చేస్తారు అన్నది తెలుసుకోవాలి. ఈ శక్తులకు ఇప్పుడు కార్యనిర్వాహక సామర్థ్యాలు అని పెద్ద పేరు ఉంది. అప్పట్లో మేము ఆ కాగితాన్ని నిగ్రహం పత్రం అని పిలుచుకునేవాళ్ళం. పిల్లలను మేము పరీక్షించం. వాళ్ళకు చదువు చెప్పే టీచరునే అడుగుతాం. పత్రంలో కుదురులేని నడతను చెప్పే ఇరవై నాలుగు వాక్యాలు ఉండేవి. ఒక్కొక్క వాక్యం మేము చదువుతాం. ఆ పిల్ల అలా ఎన్నడూ చేయకపోతే టీచరు సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు, ఎప్పుడూ అదే పని అయితే మూడు వేస్తారు. అన్నీ కూడితే ముందే పెట్టుకున్న ఒక అంకెను, అంటే గీతను, దాటిన పిల్లలు జాబితాకు ఎక్కుతారు. ఇదే పత్రాన్ని వేరే దేశాల్లోనూ వాళ్ళ వాళ్ళ భాషల్లో నింపుతున్నారని, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తారని మాకు చెప్పారు. అందుకే మొదటి నియమం, వాక్యానికి ఒక్క మాట కూడా కలపకూడదు. టీచరుకు అర్థం కాకపోతే అదే వాక్యం మళ్ళీ చదవాలి. వివరించకూడదు.

ఈ నియమం వల్లే ఆ ఉద్యోగం నాకు దొరికింది. నాకు అక్షరాలు ఇరవై తొమ్మిదో ఏట వచ్చాయి. మాది పాలకుర్తి దగ్గర పల్లె. నాట్లు, కలుపులు వదిలి హన్మకొండ వచ్చి బాల్వాడీలో ఆయాగా చేరాను. అక్కడి టీచరు పిల్లలతో అక్షరాలు దిద్దిస్తుంటే వాళ్ళ వెనుక కూర్చుని నేనూ దిద్దాను. తర్వాత వయోజన విద్య తరగతికి పోయాను, ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష కట్టాను, శిక్షణ పొంది అదే బాల్వాడీలో టీచరునయ్యాను. అప్పటికి నలభైకి దగ్గర పడ్డాను. అయినా వేలు వాక్యం కింద పెట్టి, పెదవులు కదుపుతూ చదివితే తప్ప నాకు సాగేది కాదు. మా పరిశోధనాధికారి వసుంధర గారు నన్ను ఎంచుకున్నప్పుడు కారణం దాచలేదు. డిగ్రీ చదివిన వాళ్ళను పెట్టి చూశాననీ, వాళ్ళు వాక్యం సగం చదివి మిగతా సగం సొంతంగా చెప్పేస్తున్నారనీ, నేనైతే కాగితం మీద ఉన్నదే అక్షరం అక్షరం చదువుతాననీ అన్నారు. అది మెప్పో ఎత్తిపొడుపో నాకు అప్పుడు తెలియలేదు. ఇంకో మాట కూడా అన్నారు. ఒక్క పత్రంలో మాట మారినట్టు తేలినా ఆ బడి పత్రాలన్నీ రద్దు. మార్చినవాళ్ళ డిప్యుటేషన్ కూడా రద్దు.

నాకు ఇచ్చిన బళ్ళలో ఒకటి వరంగల్‌లో నేతవాడ మధ్య ఉన్న ప్రాథమిక పాఠశాల. బడి గోడ దాటితే మగ్గాల ఇళ్ళే. ఉదయం నుంచి సాయంత్రం దాకా మగ్గాల చప్పుడు గదుల్లోకి వచ్చేది. మొదటి రోజు నాకు తల దిమ్మెక్కింది. వారం తిరిగేసరికి ఆ చప్పుడు వినిపించడమే మానేసింది. ఆ బడి టీచర్లందరూ అలాగే చెప్పేవారు.

మూడో తరగతికి జనార్దన్ సారు. మరిపెడ వైపు రైతు కుటుంబం. ఒకే గదిలో డెబ్బై మంది పిల్లలు. పద్ధతి గల మనిషి. సుద్దముక్కలు కూడా లెక్క పెట్టి వాడేవాడు. టీచరు పిల్లలను కనీసం నాలుగు నెలలు చూసిన తర్వాతే పత్రం నింపాలన్నది మరో నియమం. కాబట్టి నవంబరు చివరి వారంలో ఆయన ఎదుట కూర్చున్నాను. నేను వేలు పెట్టి చదువుతుంటే ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

సరోజన అనే పిల్ల పత్రం దగ్గర మాత్రం ఆగాడు. పదకొండో వాక్యం చదివాను. "పని మధ్యలో కారణం లేకుండా చోటు వదిలి లేస్తుంది."

"లేస్తది. రోజూ లేస్తది," అన్నాడు ఆయన. "లేచి ఇంటికే పోయి వస్తది. ఎందుకే అంటే నోరు తెరవది. రాజమ్మ గారూ, ఒక మాట చెప్పండి. కారణం నాకు తెలియదు. నాకు తెలియకపోతే కారణం లేనట్టేనా?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ నియమం ప్రకారం నేను చెప్పకూడదు. పదకొండో వాక్యాన్ని మళ్ళీ చదివాను. ఆయన నా ముఖం చూశాడు, కాగితం చూశాడు, మూడు వేశాడు. తనలో తాను గొణుక్కుంటుంది అన్న వాక్యానికి మూడు. చెప్పిన పని ఒక్క విడతలో పూర్తి చేయదు అన్నదానికి మూడు. కూడితే సరోజన గీత దాటింది.

అలా దాటినవాళ్ళు ఆ తరగతిలో ఐదుగురు. సహకరించిన బడికి ఆ పేర్ల జాబితా ఒక ప్రతి ఇస్తామని మావాళ్ళు ముందే ఒప్పుకున్నారు. పిల్లలను పెద్ద దవాఖానలో చూపించడానికి అది పనికి వస్తుందని వాళ్ళ ఉద్దేశం. హెడ్మాస్టరు ఉద్దేశం వేరు. డెబ్బై మందికి ఇంకో టీచరును ఇమ్మని ఆయన రాసి రాసి అలసిపోయాడు. డాక్టరు కాగితం తెచ్చేదాకా ఆ ఐదుగురి పేర్లు రిజిస్టరు నుంచి తీసేస్తానని నాతోనే చెప్పాడు.

"తీసేస్తే వాళ్ళు మళ్ళీ రారు సార్," అన్నాను.

"నేను తీస్తలేను, మీ కాగితమే తీస్తాంది," అన్నాడు నవ్వుతూ. "శాస్త్రం ప్రకారం వచ్చిన లిస్టు గదా. జర తొందరగ ఇప్పియ్యి ఆయమ్మా."

టీచరునై ఆరేళ్ళు దాటినా ఆయన నన్ను ఆయమ్మా అనే పిలిచేవాడు. వసుంధర గారు డిసెంబరులో మూడో బుధవారం జీపులో వస్తారనీ, ఆమె సంతకం కాకుండా జాబితా ఇవ్వలేననీ చెప్పి బయటపడ్డాను.

మధ్యలో నాకు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. గీత దాటిన పిల్లల్లో ఇద్దరిని చీటీ తీసి ఎంచి, తరగతి వెనుక కూర్చుని ఇరవై నిమిషాలు చూడాలి. నిమిషానికి ఒక గుర్తు. పని మీద ఉంటే నిలువు గీత, దిక్కులు చూస్తే అడ్డగీత, చోటు వదిలితే సున్నా. కాగితం అడుగున ఇతర వివరాలు అని రెండు ఖాళీ గీతలు ఉండేవి. వాటిని ఎవరూ నింపేవారు కాదు. నేనైతే అసలు జోలికి పోలేదు. నా రాత అంత సొంపుగా ఉండదు.

చీటీలో ఒక పేరు సరోజనది వచ్చింది. ఎనిమిదేళ్ళు ఉంటాయి. నూనె పెట్టి బిగించి అల్లిన రెండు జడలు, పలక, చేతిలో బలపం. నేలమీద మూడో వరుసలో కూర్చుంది. సారు బోర్డు మీద తీసివేత లెక్కలు ఐదు వేశాడు. మొదటి నాలుగు నిమిషాలు నాలుగు నిలువు గీతలు పడ్డాయి. ఐదో నిమిషంలో బలపం ఆగింది, పెదవులు కదలడం మొదలైంది. అడ్డగీత వేశాను. గొణుగుడు అంటే ఇదే కాబోలనుకున్నాను. కొంతసేపటికి పెదవులు ఆగి బలపం కదిలింది. మళ్ళీ ఆగింది. పెదవులు కదిపి చదివేదాన్ని కనుక నాకు పెదవుల మీద మాట కొంత పట్టుబడుతుంది. ముందుకు జరిగి చూశాను. ఆ పిల్ల గొణగడం లేదు. అంకెలు లెక్క పెడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి దగ్గర ఆగి లెక్కలోకి దిగింది.

పద్నాలుగో నిమిషంలో మళ్ళీ మొదలుపెట్టి ముప్పై దాకా వచ్చింది. ముప్పై అనగానే పలక బోర్లించి, లేచి, వాకిలి దాటి పోయింది.

"చూసిండ్రా, మళ్ళా!" అన్నాడు జనార్దన్ సారు నా వైపు తిరిగి. పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసి పేరు రాసుకున్నాడు.

నేను సున్నాలు వేస్తూ కూర్చున్నాను. ఇరవయ్యో నిమిషం ముగిసింది. నా పని అయిపోయినట్టే. లేవలేదు. కొంతసేపటికి ఆ పిల్ల వచ్చింది. సారు గది బయట నిలబడమన్నాడు, నిలబడింది. లోపలికి రమ్మన్నాక పలక తిప్పి, పక్కపిల్లను ఒక్క మాట అడగకుండా, నాలుగో లెక్కలో పదుల స్థానం దగ్గర ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మొదలుపెట్టి ఐదూ చేసింది. ఐదూ ఒప్పే. పత్రంలో మూడు పడ్డ పిల్ల చేసే పని కాదు ఇది.

ఏది విని లెక్క పెడుతోందో అక్కడ కూర్చుని ఉండగా నాకు అంతుపట్టలేదు. సాయంత్రం బడి విడిచాక ఆ పిల్ల వెనుకే నడిచాను. పరిశీలన పూర్తయి పత్రాలు పైకి వెళ్ళేదాకా పిల్లల ఇళ్ళకు పోకూడదని మాకు రాతపూర్వకంగా చెప్పారు. నాకు తెలిసే పోయాను.

ఇల్లు బడి గోడకు ఆనుకునే ఉంది. ఒక్కటే పెద్ద గది, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి నేసే రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద తండ్రి సత్తయ్య జంపఖానా నేస్తున్నాడు, రెండోదాని మీద తల్లి తువ్వాళ్ళు నేస్తోంది. సరోజన పుస్తకాల సంచి మేకుకు తగిలించి, మొహం కడుక్కోకుండానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. అడ్డపోగు వేసే నాడెలో పెట్టే దారపు కండెలు అవి. జంపఖానాకు వాడేది లావు నూలు కనుక కండె ఇట్టే అయిపోతుంది. పొద్దున బడికి పోయే ముందు రెండు గంపలు నింపి పోతుందట. నూలు మంచిదైతే సాయంత్రం దాకా వస్తాయి. మాటిమాటికీ తెగే నూలు వచ్చిందంటే కండెలు వృథా అయి మధ్యాహ్నానికే గంప ఖాళీ.

"కూసో అక్కా," అన్నది తల్లి. "మా పోరి ఏమన్న చేసిందా?"

ఏమీ చేయలేదన్నాను. రెండు మగ్గాలూ ఆడుతుండగా హఠాత్తుగా ఒకటి ఆగింది. నాకు వెంటనే తెలియలేదు. సరోజన తలెత్తలేదు కానీ పెదవులు కదిలాయి.

"ఏం లెక్క పెడుతున్నవ్ బిడ్డా?" అని అడిగాను.

బడిలో నోరు తెరవని పిల్ల ఇంట్లో గలగలా చెప్పింది. "అమ్మ మగ్గం ఆగింది. కండె మార్చేదుంటె పది లోపల్నే మల్ల ఆడ్తది. పోగు తెగితె అతికేతందుకు ఇరువై, ఇరువై అయిదు పడ్తది. ముప్పై దాటిందంటె గంపల కండెల్లేవన్నట్టు. అప్పుడు లేవాలె."

"బడిలో కూడా ఇది ఇనబడ్తదా నీకు?"

"మాది ఇనబడ్తది గద. బాపుది ధబ్‌ధబ్ అంటది, అమ్మది టక్కుటక్కు అంటది. పక్కింటోళ్ళది వేరె."

సత్తయ్య మగ్గం ఆపి గుంటలోంచి నన్ను చూశాడు. "ఏందీ, బడి నడుమ లేచి వస్తాందా ఇది? నేను వాళ్ళే ఇడుస్తాండ్రనుకున్న. ఎప్పుడన్న గంప అయిపోతె వచ్చి నాలుగు చుట్టి పోతది. బడంటె గట్లనే ఇడుస్తరేమో అనుకున్న."

"సారుకు ఎందుకు చెప్పలేదే?" అన్నాను పిల్లతో.

"సారు మగ్గం ఇంటడు గద," అన్నది. తనకు వినిపించేది సారుకూ వినిపిస్తుందని, వినీ పోనివ్వడం లేదని ఆ పిల్ల అనుకుంది. అందుకే అడిగినప్పుడల్లా నోరు మూసుకుంది.

రిజిస్టరులో పేరు పోయే సంగతి చెప్పకూడదని అనుకుంటూనే, పేరు తీసేస్తే ఏం చేస్తారని అడిగాను. సత్తయ్య తేలిగ్గా అన్నాడు. "తీస్తె తియ్యని. మగ్గం కాడ కూసుంటది. పని కలిసొస్తది."

తల్లి నాడె చేతిలోనే పట్టుకుని ఆగింది. "ఆయన గట్లనే అంటడు. తియ్యనియ్యకు అక్కా. నేను ఏలిముద్రదాన్ని. అదన్న తన పేరు తను రాసుకోవాలె."

ఇరవై తొమ్మిదేళ్ళ దాకా నేనూ వేలిముద్రదాన్నే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ రాత్రి ఇతర వివరాలు అన్న రెండు గీతల మీద రాయడం మొదలుపెడితే చాలలేదు. కాగితం వెనక్కు తిప్పి రాశాను. ఏ నిమిషంలో లెక్క మొదలైంది, ఎంత దాకా పోయింది, ఎక్కడ ఆగింది, తిరిగి వచ్చి ఏ లెక్కలో ఏ అంకె నుంచి మొదలుపెట్టింది. చూసిందే రాశాను. ఇంటికి పోయి విన్నది వేరుగా రాసి, ఇంటికి పోయినట్టు కూడా రాశాను. నాకు అది రెండు రోజుల పని అయింది.

వసుంధర గారు వచ్చేముందు పోస్టులో పంపే వ్యవధి లేదు. ఆమె వచ్చాక తరగతిలో కూర్చోబెట్టి చూపిస్తే చాలుననుకున్నాను. మగ్గం ఆగుతుంది, పిల్ల లెక్క పెడుతుంది, మగ్గం ఆడుతుంది, పిల్ల ఆగుతుంది. కళ్ళారా చూసినదాన్ని ఎవరూ కాదనలేరు.

బుధవారం పొద్దున బస్సు దిగి నేతవాడలోకి మలుపు తిరిగాను. నాలుగడుగులు వేశాక ఏదో తేడాగా అనిపించింది. మరి కొంత దూరం పోయాక తెలిసింది. ఒక్క మగ్గమూ ఆడడం లేదు. అరుగుల మీద మగవాళ్ళు కూర్చుని బీడీలు కాలుస్తున్నారు, ఆడవాళ్ళు వాకిళ్ళు కడుగుతున్నారు. ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు మగ్గం ఎక్కరని నాకు తెలియక కాదు. బుధవారం అనీ తారీఖు అనీ చూసుకున్నాను గానీ తిథి చూసుకోలేదు. జీపు అప్పటికే బడి ముందు ఆగి ఉంది.

నా కాగితాలు వసుంధర గారి చేతికి ఇచ్చాను. ఆమె హెడ్మాస్టరు గదిలో నిలబడే రెండు వైపులా చదివారు. తరగతికి పోదాం పదండి అన్నారు. ఆమె, హెడ్మాస్టరు, నేను వెనుక గోడకు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. జనార్దన్ సారు లెక్కలు వేశాడు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. సరోజన తల ఎత్తలేదు. పెదవులు కదల్లేదు. లెక్కలు చేసింది, సారు చూపించమంటే చూపించింది, పద్యం అప్పజెప్పమంటే లేచి అప్పజెప్పి కూర్చుంది. నలభై నిమిషాలు గడిచినా చోటు వదల్లేదు. నేను రాసినదాంట్లో ఒక్కటీ ఆమెకు కనబడడం లేదు.

హెడ్మాస్టరు ముందుకు వంగి అందరికీ వినబడేటట్టే అన్నాడు. "మేడం, ఈ ఆయమ్మ వాళ్ళింటికి పోయి వచ్చిందని వాడంతా చెప్పుకుంటున్నరు. కదలకుండ కూసోవాలె అని నేర్పి వచ్చింది. లేకపోతే ఆర్నెల్ల నుంచి రోజూ లేచే పిల్ల ఇయ్యాలనే బొమ్మలెక్క కూసుంటదా? ఇగ ఈ ఆయమ్మ రాసిన కాగితం దండుగనే గదా?"

వసుంధర గారు నా వైపు తిరిగారు. ఇంటికి పోయారా అని అడిగారు. పోయాను, రాశాను అన్నాను. నేర్పారా? లేదన్నాను. లేదనడానికి నా దగ్గర ఆ ఒక్క మాట తప్ప ఏమీ లేదు. నా ఉద్యోగం కంటే, ఆ పిల్ల పేరు నా వల్లే రిజిస్టరులోంచి ఖాయంగా పోతుందేమోనని భయం వేసింది. నేను పోకపోయి ఉంటే ఆమె ఒక అనుమానపు పేరు. ఇప్పుడు నేను నేర్పించి కూర్చోబెట్టిన పిల్ల పేరు.

"మేడం, ఇవాళ అమావాస్య..." అని మొదలుపెట్టాను. హెడ్మాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇగ అమాస పున్నమ దాక వచ్చింది ముచ్చట!"

అప్పుడు జనార్దన్ సారు తన చోటి నుంచే, మమ్మల్ని కాదు, ఆ పిల్లను అడిగాడు. "సరోజనా, ఇవాళ ఎందుకు లేవలేదు?"

ఆ పిల్ల లేచి నిలబడింది. మమ్మల్ని, సారును మార్చి మార్చి చూసింది. "ఇయ్యాల మగ్గాలు బందు గద సార్. అమాస."

తరగతి అంతా ఒక్కసారి గొల్లుమంది. వెనుక వరుసలోంచి ఎవరో "సారుకు అమాస ఎరుకలేదురో!" అన్నారు. ఆ డెబ్బై మందిలో సగానికి పైగా మగ్గాల ఇళ్ళ పిల్లలే. వాళ్ళకు అది అడగవలసిన ప్రశ్నే కాదు. జనార్దన్ సారు నవ్వలేదు, కోప్పడలేదు. కిటికీ దగ్గరకు పోయి కొంతసేపు నిలబడ్డాడు. బయట ఏ చప్పుడూ లేదు. ఆరు నెలలుగా తనకు వినబడని చప్పుడు ఆ రోజు ఆగిపోవడం ఆయనకు అప్పుడే వినబడినట్టుంది.

తిరిగి వచ్చి పెట్టె తెరిచి నోటుబుక్కు తీశాడు. గది బయట నిలబెట్టిన పిల్లల పేర్లు తేదీతో సహా రాసుకునే పుస్తకం అది. ఒకే పిల్లకు ఒకే రోజు రెండుసార్లు శిక్ష పడకూడదని ఆయన పెట్టుకున్న పద్ధతి. హెడ్మాస్టరు గదిలో గోడకున్న తెలుగు క్యాలెండరు తెమ్మని ఒక పిల్లవాణ్ణి పంపాడు. అందులో అమావాస్యలకు నల్లటి చుక్క ఉంటుంది. పుస్తకాన్ని, క్యాలెండరును బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"మీరే చూడండి మేడం. నేను చదివితే మళ్ళీ నేనే రాసినట్టుంటది," అన్నాడు.

వసుంధర గారు నన్ను చదవమన్నారు. నేను వేలు పెట్టి చదివాను. బడి తెరిచినప్పటి నుంచి ఆ రోజు కాక అమావాస్యలు ఆరు. ఒకటి ఆదివారం వచ్చింది, ఒకటి దీపావళి సెలవు. మిగతావి నాలుగు. ప్రతి దానికీ ముందు రోజు పేజీ, ఆ రోజు పేజీ, తర్వాతి రోజు పేజీ తిప్పాను. ముగ్గురూ నా వేలినే చూస్తున్నారు. నాలుగు అమావాస్యలకూ ముందు రోజుల్లో సరోజన పేరు ఉంది. తర్వాతి రోజుల్లో ఒక్కటి తప్ప అన్నిట్లో ఉంది. నాలుగు అమావాస్యల్లో ఒక్కదానిలోనూ లేదు. హాజరు పట్టీ తీసి చూస్తే నాలుగు రోజులూ బడికి వచ్చింది.

సరోజన పేరు లేని పేజీలు ఇంకా కొన్ని ఉన్నాయని, కాబట్టి దీన్ని రుజువు అనలేమని వసుంధర గారు అన్నారు. నూలు మంచిగా వచ్చిన రోజులు అయి ఉంటాయని నేను అన్నాను. అయి ఉంటాయి అన్నది వివరాల్లో రాయకండి, కనుక్కుని రాయండి అన్నారు. తర్వాత జాబితా తీసుకుని సరోజన పేరు మీద గీత కొట్టి, పక్కన సంతకం చేసి, హెడ్మాస్టరుకు ఇచ్చారు. ఆయన మిగిలిన పేర్లు లెక్క పెట్టాడు. "నలుగురేనా?" అన్నాడు.

జనార్దన్ సారు ఒక్కటే అడిగాడు. పదకొండో వాక్యానికి తాను వేసిన మూడును మార్చవచ్చా? మార్చకూడదని వసుంధర గారు చెప్పారు. ఒకసారి నింపిన అంకెను తర్వాత తెలిసిన సంగతితో దిద్దితే ప్రతి బడిలోనూ అదే జరుగుతుంది, అప్పుడు ఏ దేశం అంకెనూ నమ్మలేం. నా వివరాల కాగితం మాత్రం పత్రానికి కుట్టి పంపుతానన్నారు.

"అయితే నా తప్పు సముద్రం దాటి పోతుందన్నమాట," అన్నాడు ఆయన.

"మీ తప్పు, రాజమ్మ గారి కాగితం, రెండూ కలిసే పోతాయి," అన్నారు ఆమె. అక్కడ ఆ కాగితం ఎవరైనా చదివించుకున్నారో లేదో నాకు ఎన్నడూ తెలియలేదు.

నియమం తప్పి ఇంటికి పోయినందుకు నాకు మెమో వచ్చింది. డిప్యుటేషన్ రద్దు కాలేదు. మెమోకు జవాబు నేనే రాశాను. తప్పు ఒప్పుకున్నాను.

జాబితాలో మిగిలిన నలుగురిలో నేను చూసింది చీటీలో వచ్చిన రెండో పిల్లవాణ్ణి ఒక్కణ్ణే. వాడికి చెవుల్లో చీము ఉందని దవాఖానలో తేలింది. మందులు వేశాక చెప్పిన మాట వినడం మొదలుపెట్టి, డాక్టరు కాగితంతో తిరిగి బడికి వచ్చాడు. అది ఆ పత్రం చేసిన మేలే. అది లేకపోతే వాణ్ణి మొండివాడని కొట్టేవాళ్ళు. తక్కిన ముగ్గురి వెనుక ఎవరూ కూర్చోలేదు. వాళ్ళ వివరాల గీతలు ఖాళీగా పోయాయి. వాళ్ళు మళ్ళీ బడికి రాలేదు. వాళ్ళు దేనికోసం లేచేవాళ్ళో నాకు తెలియదు.

సరోజనను జనార్దన్ సారు వాకిలి పక్కన కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం బడి ఆగినప్పుడు పోయి గంప చూసుకుని రమ్మన్నాడు. సత్తయ్య మూడో గంప ఒకటి కొన్నాడు. ఐదో తరగతి ముగిసేదాకా ఆమె పేరు ఆ రిజిస్టరులో ఉంది. ఆ తర్వాతి సంగతి నేను వాకబు చేయలేదు.

డిప్యుటేషన్ ముగిశాక బాల్వాడీకి తిరిగి వచ్చి, ఉద్యోగ విరమణ దాకా అక్కడే పని చేశాను. పిల్లల గురించి అడిగే పత్రాలు తర్వాత చాలా వచ్చాయి, ఇంకా మంచివీ వచ్చాయి. వాటిని నేను కాదనలేదు. టీచరు వేసే అంకెలో పిల్ల ఎంత ఉంటుందో, టీచరు కూర్చున్న చోటు కూడా అంత ఉంటుందని మాత్రం ఆ బడిలో తెలుసుకున్నాను. నా సొంత రిజిస్టరులో ఏ పిల్ల పేరు పక్కనా కారణం లేకుండా అని రాయలేదు. కారణం నాకు తెలియదు అని రాసి, కింద తేదీ వేసేదాన్ని. తేదీ ఉంటే తర్వాత వెతకవచ్చు.